దీవిలో కోడలు

ఎవరో ఎర్ర తువ్వాలు ఊపుతున్నారు.

తర్మో మోటారు వేగం తగ్గించి చూశాడు. ఎదురుగా చిన్న దీవి. ఒకే ఒక్క చెక్క ఇల్లు, పక్కన ఆవిరి స్నానాల గది. నీటి అంచున బండ మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆరేడు నెలల కడుపు.

ఈ సరస్సుల మధ్య బతికే మావాళ్ళకి పక్కవాళ్ళ గొడవలో వేలు పెట్టే అలవాటు లేదు. పైగా ఆ రోజు యుహన్నుస్, నడివేసవి పండగ. ఒడ్డున పెద్ద మంట వేసి, తర్మో కోసం స్నేహితులు ఎదురు చూస్తున్నారు. సాసేజీలు, కొత్త బంగాళదుంపలు, రెండు పెట్టెల బీరు పడవ ముందు భాగంలో పట్టా కింద సర్దుకుని బయల్దేరాడు. అయినా కడుపుతో ఉన్న మనిషి పిలుస్తుంటే చూడనట్టు పోవడానికి మనసొప్పలేదు. పడవ అటు తిప్పాడు.

"అన్నా, నన్ను ఊళ్ళోకి తీసుకుపో. నీకు పుణ్యముంటుంది."

దగ్గరికొచ్చి చూస్తే మనిషి వణికిపోతోంది. చల్లగాలి వీస్తున్నా నుదుటి నిండా చెమట. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

"ఏమైందమ్మా?"

"నా పేరు సానా. మా ఆయన ఓడ మీద పనిచేస్తాడు, చలికాలానికి గానీ రాడు. మా అత్తయ్య నన్నిక్కడ పడేసి తెడ్లు దాచేసింది. ఫోను లాక్కుంది. నా కాఫీ కప్పు కూడా వాసన చూస్తుంది. ఆఖరికి నా సెంటు సీసా కూడా నీళ్ళలో పారేసింది!"

తర్మోకి ఒళ్ళు మండింది. కోడలు సెంటు రాసుకున్నా ఓర్వలేని అత్తలు ఇంకా ఉన్నారన్నమాట.

అంతలో ఇంటి వెనక నుంచి ముసలామె వచ్చింది. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంది. చేతిలో గొడ్డలి.

"సానా, లోపలికి పద."

"రాను."

"అబ్బాయీ, నీ దారిన నువ్వు వెళ్ళు. పురుడొచ్చేదాకా ఇది ఈ దీవి దాటదు."

"అదేం మాట పెద్దమ్మా? ఇదేమన్నా జైలా?"

"జైలే అనుకో."

తర్మో గొడ్డలి మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఈ పిల్లని ఇక్కడ వదిలేసి పోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరేమో అనిపించింది.

"ఎందుకు ఆపుతున్నావో అది చెప్పు," అని నిలదీశాడు.

సానా పెదవి వంకర చేసి నవ్వింది. "చెప్పు అత్తయ్యా. అడుగుతున్నాడుగా. నీ నోటితో నువ్వే చెప్పు, చూద్దాం."

ముసలామె నోరు తెరిచింది. కోడలి ముఖంలోకి చూసి మళ్ళీ మూసుకుంది.

"నీకు మాటిచ్చాను సానా," అంది చివరికి. "నువ్వూ నాకిచ్చావు."

తప్పు చేసింది కాబట్టే నోరు పెగలడం లేదనుకున్నాడు తర్మో. చెయ్యి అందించి సానాని పడవలోకి ఎక్కించుకున్నాడు.

ముసలామె పరుగెత్తుకొచ్చింది. గొడ్డలి జారి బండ మీద ఖంగుమంది. రెండు చేతులా పడవ అంచు పట్టుకుంది.

"ఆ కడుపులో ఉన్నది నా మనవడు! దించు అబ్బాయీ, నీ కాళ్ళు పట్టుకుంటా, దించేయ్!"

మనవడి మీద ఉన్న ప్రేమలో ఇసుమంతైనా కోడలి మీద ఉంటే ఇంతదాకా వచ్చేదా అనుకుంటూ, తర్మో ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విడిపించాడు. మోటారు హోరెత్తింది. దీవి వెనక్కి జరిగింది.

సానా పడవ ముందు భాగానికి పోయి కూర్చుంది. చేతుల వణుకు ఇంకా తగ్గలేదు. పాపం, ఎంత బెదిరిపోయిందో.

"ఇక నీకేం భయం లేదమ్మా. పోలీసులకి నేనే చెప్తాను," అంటూ తర్మో తన జాకెట్టు విప్పి ఇవ్వబోయాడు.

సానా అది అందుకోలేదు. పట్టా కిందికి చెయ్యి పోనిచ్చి, బీరు సీసా లాగి, మూత పళ్ళతోనే ఊడబెరికి, వెనక ముసలామె మొలలోతు నీళ్ళలో నిలబడి అరుస్తూనే ఉండగా, గుక్క తిప్పుకోకుండా తాగేసింది.