అగ్గిపుల్ల పట్టేంత సందు

బాపట్లలో పోటీ మొదలవడానికి ఇంకా గంట ఉందనగా నా సైకిల్ చైన్ మళ్లీ ఊడింది. నిరుడు మొదట్లో నా ఫ్రేమ్ విరిగితే, చక్రాలూ చైనూ విప్పి సీనియర్ అక్క పాత ఫ్రేమ్‌కి బిగించుకున్నాను. అప్పట్నుంచీ ఇదే గోల.

"ఏంటి సుధా, ఊడిందా?"

తలెత్తకుండానే గొంతు గుర్తుపట్టాను. నాగలత. నిరుడు రేపల్లె పోటీలో ముందున్నది నేనే. చైన్ ఊడి నేను దిగితే, నవ్వుకుంటూ నన్ను దాటిపోయి కప్పు పట్టుకెళ్లింది. ఏడాదంతా ఆ నవ్వు తలుచుకునే కసిగా తొక్కాను.

"నవ్వింది చాలు, వెళ్లవే."

వెళ్లలేదు. పక్కన చతికిలబడి జేబులోంచి దారం తీసింది. పేరాలలో మగ్గం నేసేవాళ్ల పిల్ల. ముందు పళ్లచక్రం నుంచి వెనక ఉండే చిన్న పళ్లచక్రం, ఫ్రీవీల్ దాకా దారాన్ని బిగించి పట్టింది. ముందు ఆనింది, వెనక ఆనలేదు. దారానికీ ఫ్రీవీల్‌కీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు.

"ఫ్రేమ్ మారిందిగా, వెనక చక్రం లోపలికి పోయింది. ఇరుసు మీద కుడివైపు వాషర్ తీసి ఎడమవైపు వెయ్యి."

వేశాను. చైన్ చప్పుడు లేకుండా తిరిగింది.

"నా మీద ఇంత జాలి దేనికే?"

"జాలా? నిరుడు కప్పు ఇంటికి తీసుకెళ్తే, 'ఆ పిల్ల చైన్ ఊడబట్టి గెలిచావు' అంది మా అమ్మ కూడా. ఇవాళ ఆ మాట ఎవరూ అనకూడదు. చైన్ ఉండగానే నిన్ను ఓడిస్తా."

కసి నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

దారం ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"నీ సైకిలిటు తే, చూస్తాను. ఓడిపోయాక నువ్వూ చైన్ మీదకి నెట్టకూడదు."