టవరు కింద గొంతు

“ఏదైనా మాట్లాడమ్మా!” చేతిలోని వాకీటాకీలోంచి నాన్న అడిగాడు.

అమ్మాయి తలెత్తి చూసింది. గాలికి ఊగుతున్న టవరు చివర నాన్న బొటనవేలంత కనిపిస్తున్నాడు. వరదలో సాయానికి పడవల మీద తిరిగే హామ్ రేడియో క్లబ్బు వాళ్ల మాటల్ని కొండ దాటించేది అక్కడి రిపీటరే. దాని కేబులు ఊడిందని నాన్న తనంతట తానే ఎక్కాడు.

పైన ఒకరుంటే కింద ఒకరు మాట్లాడుతూనే ఉండాలన్నది క్లబ్బు పద్ధతి. ఎప్పుడూ ఆ పని మామయ్యదే.

“మాట్లాడవే తల్లీ! ఊరంతా వాగే నాకు ఇవాళే గొంతు పోవాలా?” మామయ్య గుసగుసగా మొత్తుకున్నాడు.

“దిగిరా నాన్నా,” అంది చివరికి.

“కేబులు బిగించేశా. దిగుతాలే. ముందు నువ్వేదైనా చెప్పు.”

తన భయం పోగొట్టడానికే అడుగుతున్నాడనుకుంది. కానీ నాన్న బటన్ వదలడం మరిచాడు. తెగి తెగి వస్తున్న ఊపిరి వినిపించింది. క్లాసులో లేచి చదవమంటే తనకు వచ్చేదీ అచ్చం ఆ ఊపిరే.

ఆయన బటన్ వదలగానే తను నొక్కింది.

“నాన్నా, మామయ్య నీ టిఫిన్ డబ్బా తెరిచాడు.”

“ముట్టొద్దని చెప్పు వాడికి!”

“ముట్టేశాడు. కుడికాలు కిందికి పెట్టు, మెట్టుంది.”

పైన కాలు కదిలింది. “ఇంకా?”

“సగం ఖాళీ. ఇప్పుడు ఎడమకాలు.”

డబ్బా సంచిలోనే ఉంది. మామయ్య రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని పైకే చూస్తున్నాడు.

“నాన్నా, మూత కూడా నాకేస్తున్నాడు. త్వరగా రా.”