కాదనలేదు

మెట్ల మీద చేతికర్ర చప్పుడు విని, సాధన మండలి కార్యదర్శి తలుపు సగమే తెరిచాడు.

ఎవరో ముసలావిడ. రెండంతస్తులు ఎక్కిన ఆయాసంతో గోడకి ఆనుకుని నిలబడింది.

"వాడెలా ఉన్నాడు?" అంది.

కార్యదర్శికి చిర్రెత్తుకొచ్చింది. లోపల మంచం పట్టి ఉన్నది మాస్టారు. ఆయన నోటి వెంట ఒక్క మాట వస్తే చాలని ఎంతమందో ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. అలాంటి మనిషిని పట్టుకుని వాడూ వీడూ అనడమా?

"మాస్టారు విశ్రాంతిలో ఉన్నారు. మీరు బంధువులా?"

"అలాంటిదే అనుకో. కాసేపు కూర్చోనీ బాబూ."

"ఆ కుర్చీ వేరేవారి కోసం వేసింది పెద్దమ్మా. అయినా లోపలి గదిలోకి ఆడవాళ్లు రాకూడదు."

ఆ మాట అనడం అతనికి కొత్త కాదు. మండలిలో కుర్రాళ్లు చాటుగా అతన్ని 'గడియ' అని పిలుచుకునేది అందుకే. మాస్టారికి పాలు తెచ్చే తన సొంత భార్యని కూడా గుమ్మం దగ్గరే ఫ్లాస్కు అందుకుని పంపేస్తాడు.

ఇప్పుడు మరీ జాగ్రత్తగా ఉన్నాడు. "మా గురువుగారికి కబురు పంపాను. వస్తారు" అన్నారు మాస్టారు. ఏ ప్రసంగమైనా "మా గురువుగారు చెప్పారు" అంటూనే మొదలుపెట్టే మాస్టారు, ఆ గురువుగారి ఊరూ పేరూ ఎన్నడూ బయటపెట్టలేదు. అంతటి మహానుభావుణ్ణి ముందుగా చూసే అదృష్టం తనదేనని కార్యదర్శి ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చున్నాడు.

"ఆడవాళ్లెందుకు రాకూడదు?" అంది ముసలావిడ.

"కొన్ని శక్తులుంటాయి పెద్దమ్మా. ఆడ శరీరం వాటిని మోయలేదు. గురువులంతా మగవాళ్లే అయింది అందుకే. ఆడవాళ్లు ఈ జన్మలో బాగా సాధన చేసుకుంటే, వచ్చే జన్మలో మగ పుట్టుక పుట్టి, అప్పుడు..."

"ఇదంతా వాడు చెప్పాడా?"

కార్యదర్శి అబద్ధమాడే మనిషి కాదు.

"మేమే నియమంగా రాసుకున్నాం. సభలో చదివి వినిపించాం. మాస్టారు కాదనలేదు."

"ఎదురుగా కూర్చుని విన్నాడా?"

"ఏటేటా వింటారు."

ఆవిడ ముఖంలో వెలుగు చప్పున ఆరిపోయింది.

"కాదనలేదు," అనుకుంది తనలో తను.

అది చూసి కార్యదర్శికి జాలేసింది.

"పోనీ, వరండా కిటికీలోంచి ఒకసారి చూసి వెళ్తారా?"

"వద్దులే నాయనా. ఇంకేం చూస్తాను?"

గోడ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగిపోయింది.

సాయంత్రానికి మాస్టారు కళ్లు తెరిచారు.

"ఎవరైనా వచ్చారా?"

"రాలేదు మాస్టారూ. ఎవరో ముసలావిడ మాత్రం వచ్చింది. మిమ్మల్ని వాడూ వీడూ అంటుంటే ఒళ్లు మండి లోపలికి రానివ్వలేదు."

మాస్టారు మోచేతి మీద లేవబోయారు. చెయ్యి నిలవలేదు. మళ్లీ దిండు మీద వాలిపోయారు.

"వెళ్తూ ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మన నియమం గురించి అడిగింది. మీరు కాదనలేదని చెప్పాను. ఆ మాటే గొణుక్కుంటూ వెళ్లిపోయింది."

మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు. దుప్పటి కింద ఆ భుజాలు కదలడం చూసి కార్యదర్శి మంచం దగ్గరికి జరిగాడు.

"దిగులు పడకండి మాస్టారూ. రేపటికల్లా గురువుగారు వచ్చేస్తారు. వచ్చేదాకా నేను ఇక్కణ్ణించి కదలను."

గోడవైపు నుంచి సన్నగా మాట వినిపించింది.

"మా గురువుగారు వచ్చి వెళ్లిపోయారు."