కాయిల్ మంచిదే

అక్క మోపెడ్ నాలుగు రోజులుగా స్టార్ట్ కావట్లేదు. రెండ్రోజులు ఉండి వెళ్దామని పుట్టింటికొచ్చి ఇరుక్కుపోయింది.

"నువ్వేం మెకానిక్‌విరా? అక్కడ బావ హోటల్ తిండి తింటున్నాడు," అన్నాడు నాన్న.

ప్లగ్ విప్పి, ఇంజనుకి ఆనించి కిక్ కొట్టాను. స్పార్క్ లేదు. కొత్త ప్లగ్‌కీ రాలేదు. ఇంజను ఆపే స్విచ్ వైరు ఊడదీసి కొడితే నీలంగా టపటపలాడింది. అంటే స్పార్క్ పుట్టించే కాయిల్ మంచిదే. ఆ వైరే ఎక్కడో బాడీకి తగిలి స్పార్క్ రాకుండా చేస్తోంది.

"దొరికిందా?" అని గుమ్మంలోంచి అక్క పదిసార్లు అడిగింది. పాపం, వెళ్లాలని తొందర అనుకున్నాను.

సీటు కింద వైరు తొక్క బ్లేడుతో గీసి ఉంది. అక్కడ వైరుకీ ఫ్రేముకీ మధ్య అక్క తలపిన్ను దూర్చి ఉంది.

తలెత్తి చూశాను. అక్క కళ్లు దించుకుంది.

"ఏమైందిరా?" లోపల్నుంచి నాన్న అరిచాడు.

"కాయిల్ పోయింది నాన్నా. ఇక్కడ దొరకదు."

"అయితే ఆ తుక్కు అక్కడే పడెయ్. ఇప్పుడే ఫోన్ చేశా. సాయంత్రం అల్లుడే వచ్చి తీసుకెళ్తాడు."

పిన్ను తీసేశాను. తాళం అక్క చేతిలో పెట్టాను.

"బండి నడుస్తుందక్కా. బావ రాకముందే వెళ్లిపో."

అక్క తాళం వంక చూసింది.

"ఎక్కడికిరా?" అంది.