పన్నెండో పట్టా

ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదకొండే వస్తున్నాయి.

ప్రొఫెసర్ ఇల్పో వేళ్లతో ఒకసారి, పెన్సిలుతో ఒకసారి, పేర్లు పైకి చదువుతూ మరోసారి లెక్కపెట్టాడు. డిసెంబరు ముప్పై ఒకటి లోపల ఫిన్లండ్ తూర్పు సరిహద్దు వైపు మాట్లాడే కరేలియా భాష నేర్పే తన విభాగం నుంచి పన్నెండు మంది ఎం.ఏ. పట్టా పుచ్చుకోవాలి. విశ్వవిద్యాలయం పెట్టిన లక్ష్యం అది. అందుకుంటే పై ఆఫీసువాళ్ల పట్టికలో ఈ విభాగం గడి ఆకుపచ్చగా ఉంటుంది. ఒక్కరు తగ్గినా ఎరుపే. ఇప్పటికే వరసగా రెండేళ్లు ఎరుపు వచ్చింది. మూడోసారి కూడా వస్తే విభాగం మూసేసి, నలుగురు టీచర్లనీ, ఆఫీసు చూసే ఔలినీ ఇంటికి పంపించేస్తారు. ఆ భాష తెలిసిన ముసలివాళ్లు ఎలాగూ ఒక్కొక్కరే పోతున్నారు. నేర్పే చోటు కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

ఇల్పో ఈ ఊరు వచ్చి రెండేళ్లే అయింది. ఔలికి మాత్రం ఆ విభాగంలో తాళంచెవుల దగ్గర్నుంచి తగాదాల దాకా తెలియనిది లేదు. అందుకని సెప్టెంబరులో ఒక రోజు, రెండు గంటల కాఫీ వేళ, ఆ పేర్ల కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

ఔలి దాల్చినచెక్క బన్ను తుంచుకుంటూ చూసింది. "ఒకావిడ ఉంది," అంది. "పరీక్షలన్నీ ఎప్పుడో పాసయింది. చివర రాసే పెద్ద వ్యాసం ఒక్కటే మిగిలింది."

"ఎందుకు మిగిలింది?"

"మధ్యలో ఉద్యోగం దొరికింది. మూడు వారాల పనే అన్నారు. ఇంకా చేస్తూనే ఉంది."

ఇల్పోకి అందులో వింతేమీ కనబడలేదు. ఫిన్లండ్‌లో సగం మంది కథ అదే. చదువు చివర్లో ఉద్యోగం తగులుతుంది, వ్యాసం అటకెక్కుతుంది.

"ఇంతకీ బతికే ఉందా?"

"ఉంది. పొద్దున కూడా చూశాను. కాస్త ఒళ్లు చేసింది."

"నీ మాట వింటుందా?"

"ఇన్నేళ్లలో ఒక్కసారీ వినలేదు."

పేరు చెబితే తనే ఫోన్ చేస్తానన్నాడు ఇల్పో. ఔలి ససేమిరా అంది. ప్రొఫెసరు గొంతు వింటే బెదిరిపోయి మళ్లీ పదేళ్లు వ్యాసం జోలికి రాదని చెప్పింది. గడువు దాటిపోయిన చదువుకి మళ్లీ అనుమతి కావాలి కాబట్టి ఆ దరఖాస్తు తనే రాసిపెడతానంది. దిద్దడం, సంతకాలు పెట్టడం లెక్చరర్ హెల్వి చూసుకుంటుందంది. నువ్వు వేలు పెట్టకుండా ఉంటే అదే పెద్ద సాయం అని కూడా అంది.

అప్పట్నుంచి ప్రతి సోమవారం ఇల్పో ఔలి గది గుమ్మంలో నిలబడేవాడు.

"ఈ వారం ఎంత రాసింది?"

"కిటికీలు తుడిచింది."

"ఎన్ని?"

"ఇంట్లో ఉన్నవన్నీ. అవి అయిపోయాక పక్కింటివాళ్లని అడిగింది."

ఆ పై వారం అడవిపళ్ల జాం నలభై సీసాలు పెట్టిందట. ఆ పై వారం చుట్టాల పిల్లలందరికీ ఉన్ని మేజోళ్లు అల్లిందట. ఇక లాభం లేదని ఔలి అల్లిక సూదులు బీరువాలో పెట్టి తాళం వేసింది. శనాదివారాలు సరస్సు ఒడ్డున తన చిన్న ఇంటికి లాక్కుపోయింది. ఫోను తీసి ఆవిరిస్నానం గదిలో కట్టెల వెనక దాచింది. ఒక పేజీ పూర్తయితేనే కాఫీ, లేకపోతే మంచినీళ్లే.

ఇల్పోకి జాలేసింది. అంత కఠినంగా ఉండొద్దన్నాడు.

"నీకు తెలీదు," అంది ఔలి. "దాన్ని నమ్మడానికి లేదు."

వ్యాసం దేని గురించో చెప్పినప్పుడు మాత్రం అతనికి ఉన్న చోట కాలు నిలవలేదు. రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర కరేలియా ముసలమ్మలు వాడే మాటలట. పిండి సాగితే ఒక మాట, సాగకపోతే ఒకటి, పొయ్యి అలిగితే ఇంకొకటి. వాళ్ల అమ్మమ్మ చెబుతుంటే చీటీల మీద రాసుకుని అట్టపెట్టె నింపిందట. వాటిలో సగం ఏ నిఘంటువులోనూ లేవు.

నవంబరు నడిమిలో ఒక సోమవారం ఔలి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మానేస్తానంటోంది. తన రాత చూస్తే తనకే సిగ్గేస్తోందట. ఈ వయసులో నవ్వులపాలు కావడం ఎందుకంటోంది."

ఇల్పో కళ్ల ముందు ఎర్ర గడి కదిలింది. బతిమాలమని చెబుదామనుకున్నాడు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"నా మాటగా చెప్పు. పన్నెండు సంగతి మరిచిపొమ్మను. ఎరుపు వస్తే తిట్లు నేను తింటాను, దానికేగా నాకు జీతం. ఆ మాటల్ని మాత్రం అట్టపెట్టెలో వదిలేయొద్దను. ఆ ముసలమ్మ అవి పెట్టెలో దాచమని చెప్పలేదు."

ఔలి కళ్లు తుడుచుకుంది. చెబుతానంది.

మరుసటి సోమవారం అతను అడగకముందే "ముప్పై పేజీలు" అంది. ఆ పై సోమవారం, అరవై.

డిసెంబరు పద్దెనిమిదిన పట్టాలిచ్చారు. బయట మోకాలి లోతు మంచు. లోపల వేడి వేడి కరేలియా రొట్టెలు, గుడ్డూ వెన్నా కలిపిన ముద్ద, మరుగుతున్న కాఫీ. ఇల్పో ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కొక్కరే వచ్చి పట్టా, గులాబీ తీసుకున్నారు. పదకొండు అయ్యాయి. అతను తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఆవిడ రాలేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"వచ్చింది. నువ్వు చదువు," అంది ఔలి.

ఇల్పో పన్నెండో పట్టా విప్పి, పేరు చూసి, చదవబోయి ఆగిపోయాడు. అందరికీ కాఫీ పోస్తున్న ఔలి కెటిల్ బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, తన పట్టా తీసుకోవడానికి ముందుకు నడిచింది.