ఆరో నంబరు గాలిమర

“పేరు చెప్పండ్రా! క్లెమ్ హాగన్ అనడానికి మీకు నోళ్లు రావా?” తప్పిపోయిన తన కొడుకు గురించి కార్యక్రమం వస్తున్న టీవీ మీదికి మెర్విన్ చెయ్యి విసిరాడు.

ఆ క్లెమ్ హాగన్ మూలబల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఊరికి ఉన్నది ఆ ఒక్క బారే. ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడే చేరింది. క్లెమ్ పక్క కుర్చీ మాత్రం ఎప్పటిలాగే ఖాళీ.

“అరవకు మెర్వ్, ముక్క వినబడట్లేదు,” అంది బారు నడిపే షెరిల్.

“కంచె తెంచి పశువుల్ని నా నీళ్ల మీదికి తోలేవాడు! నీళ్లకే అంతకు తెగించినవాడు నా కొడుకును వదుల్తాడా?”

“నీ కంచె నిలబడుంటే కదా, నేను తెంచడానికి,” అన్నాడు క్లెమ్ తలెత్తకుండా. ఎవరో నవ్వబోయి, మెర్విన్ భార్య డోరీన్‌ను చూసి ఆగిపోయారు.

డోరీన్ గ్లాసు ముట్టలేదు. తెరమీద ఆమె కొడుకు రోరీ నవ్వుతున్నాడు. క్లెమ్ భూముల్లో బండి చెడిపోతే దిగి నడిచి, కొన్నేళ్ల కిందటి వేసవి ఎండల్లో ఎటు పోయాడో తెలియకుండా పోయిన పిల్లవాడు. అప్పుడు వెతికినవాళ్లంతా క్లెమ్ భూములే వెతికారు.

సిడ్నీ నుంచి వచ్చిన టీవీ ఆవిడ కొత్త సంగతి చెప్పింది. మొన్నటి వానలకు మట్టి కొట్టుకుపోయి రోరీ టోపీ బయటపడిందట. అది కూడా మెర్విన్ భూముల్లో, తొట్టికి నీళ్లు తోడే ఆరో నంబరు గాలిమర దాటాక. అంటే పిల్లవాడు అక్కడి నీళ్లతొట్టి దాకా చేరాడు. నీళ్లు దొరికినవాడు దాహంతో చావడు. కాబట్టి ఇది హత్యే.

“విన్నారా!” మెర్విన్ బల్ల చరిచాడు.

డోరీన్ కళ్లు మూసుకుంది. “నా బిడ్డ గొంతు తడుపుకున్నాడు మెర్వ్. అంతే చాలు నాకు.”

తెరమీద పాత బొమ్మ వచ్చింది. వెతకడం మొదలైన రోజు హెలికాప్టర్‌లోంచి తీసింది. ఎర్రదుమ్ము, గాలిమర, తొట్టి.

షెరిల్ గ్లాసు తుడవడం ఆపింది. “అదేంటి? దుమ్ము అంత లేస్తుంటే చక్రం తిరగట్లేదేం?”

“తోక చూడు,” అన్నాడు గొర్రెల బొచ్చు కత్తిరించే డుగీ. “మడిచి తీగతో కట్టేశారు. అలా కడితే చక్రం గాలికి తిరగదు, ఇంక చుక్క నీరు రాదు. తొట్టి చూడు, అడుగు బీటలిచ్చింది.”

టీవీ ఆవిడ హత్య గురించే చెప్పుకుపోతోంది. వినేవాళ్లు లేరు.

డోరీన్ లేచి నిలబడింది. “ఎవరు కట్టారు?” ఒక్కొక్కరి ముఖమూ చూసింది. “అడుగుతున్నాను కదా, ఎవరు కట్టారు?”

“నేనే,” అన్నాడు క్లెమ్ మూలలోంచి. “మెర్వ్ మీది కసితో కట్టాను. మీవాడు అటొస్తాడని తెలీదమ్మా.”

డోరీన్ వెళ్లి అతని చెంప మీద కొట్టింది. రెండోసారి చెయ్యెత్తింది. షెరిల్ ఆమెను పొదివి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

“నువ్వన్నదే నిజమైంది మెర్వ్,” డుగీ అతని భుజం తట్టాడు. “ఒరే క్లెమ్, ఈ గుమ్మం మళ్లీ తొక్కావంటే చూడు!”

క్లెమ్ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. బండి ఎక్కుతుంటే మెర్విన్ వెనకాలే వచ్చాడు.

“క్లెమ్... ఎందుకలా చెప్పావు?”

“ఆవిడ ఇప్పుడు నీతోనే ఇంటికెళ్లాలి కదా,” అన్నాడు క్లెమ్. బండి కదిలిపోయింది.

మెర్విన్ దుమ్ములో నిలబడిపోయాడు. క్లెమ్ ఆవులు తొట్టెడు నీళ్లు తాగిపోతున్నాయని కడుపు మండి, ఆ వేసవిలో ఆరో నంబరు గాలిమర తోక మడిచి తీగతో బిగించి కట్టింది అతనే.