భయపెట్టని గుమ్మడికాయ

"ఏమే, ఈ ఇంట్లో మనుషులు పండుకోవాల్నా, కాయలు పండుకోవాల్నా?"

లక్ష్మీకాంత్ అరుపుకు మంచం మీది బూడిద గుమ్మడికాయలు ఉలకలేదు, పలకలేదు. రాత్రంతా ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీ చేసి అప్పుడే హిందూపురం చేరిన మనిషి. కార్లకు చక్రాలు బిగించి వస్తే, కాళ్లు చాపే చోటు లేదు. రోజూ హాల్లో ఉండే కాయలు ఈరోజు మంచమెక్కాయి. మంచం నిండా కాయలు, కంచం నిండా రంగులు, చెంబు నిండా కుంచెలు.

భార్య సుచిత్ర పేరులోనే చిత్రం ఉంది. కాపురానికొచ్చాక అది విచిత్రమైంది. ధర్మవరంలో చీరల అంచులు చూస్తూ పెరిగిన చెయ్యి, ఊరికే ఉండదు. రావి ఆకుల మీద నెమళ్లు వేసింది. గులకరాళ్ల మీద చిలకలు వేసింది. ఇప్పుడు కొత్త ఇళ్ల గుమ్మాలకు కట్టే దిష్టి గుమ్మడికాయల మీద పడింది. కాయ మీది బూడిద తుడిచి, ఆరబెట్టి, తెల్లరంగు పూసి, దాని మీద రాక్షసుడి ముఖం వేయాలి.

చిక్కల్లా ఒకటే. సుచిత్ర వేసిన రాక్షసుడు భయపెట్టడు. పెళ్లిచూపులకు వచ్చినట్టు నవ్వుతాడు.

పెనుకొండలో ఇళ్లు కట్టే మేస్త్రీ తిరుపాల్ నిన్న సాయంత్రం మళ్లీ ఒక కాయ వెనక్కి తెచ్చాడు.

"ఏమ్మా, ఇది దిష్టి తీసే కాయా, దిష్టి తగిలే కాయా? వచ్చినోళ్లంతా ఎంత ముద్దుగా ఉండాడో అని దీంతో ఫోటోలు దిగుతాండారు. ఇంటిని చూసేవాడే లేడు!"

"ఇంకొకటి వేసిస్తా అన్నా."

"రేపు సాయంత్రం వస్తా. చూస్తానే గుండె జారాల. లేదంటే బజార్లో ప్లాస్టిక్ మొగం కొని కట్టేస్తా. మళ్లా ఈ గడప తొక్కేది లేదు."

తిరుపాల్ వెళ్లగానే లక్ష్మీకాంత్ అదను చూసి షరతు పెట్టాడు. ఈ కాయ కూడా నప్పకపోతే కాయలు, కుంచెలు, రంగులు అన్నీ అటకెక్కాలి. సుచిత్ర కాసేపు అతని వైపే చూసి, "సరే" అంది.

అందుకే ఈరోజు అతను ఓపిక పట్టాలనుకున్నాడు. సాయంత్రం దాకా ఆగితే చాలు. ఇల్లు ఇల్లవుతుంది, మంచం మంచమవుతుంది.

"ముట్టుకోవద్దండీ, రంగు తడిగా ఉండాది" అంటూ ఆమె కాఫీ ఇచ్చింది. ఒక గుక్క తాగాడు. చక్కెర లేదు. ఉప్పు ఉంది.

"ఇదేం కాఫీనే? సముద్రంలో కలిపినావా?"

"డబ్బాలు మారినట్లుండాయి. ఆడనుంచి అరిస్తే నాకు వినపడదు. కిటికీ తట్టు వచ్చి చెప్పండి."

కిటికీ దగ్గరికి వచ్చి చెప్పాడు. గట్టిగా చెప్పాడు. ఆమె కుంచె చేతిలో పట్టుకుని రెప్ప వేయకుండా విన్నది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన మాట ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదలు. ఆ ఊపులో ఇంకాస్త అరిచాడు.

స్నానానికి వెళ్లాడు. ముఖం నిండా సబ్బు పూసుకున్నాక కొళాయి ఆగిపోయింది.

"మోటరుకేమైందో ఏమో" అని బయటి నుంచి జవాబు.

నురగతో కళ్లు ఎర్రగా మండుతుంటే తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. నేల మీద చాప వేసుకున్నాడు. ఫ్యాను ఆగింది.

"కరెంటు పోయింది" అంది సుచిత్ర.

"మరి పక్కింట్లో టీవీ మోగుతాంది కదే?"

"వాళ్లది వేరే లైను."

"అందరివీ లైన్లు, మనది మాత్రం డెడ్‌లైనా!"

చెమటలోనే కునుకు పట్టబోయింది. ధర్మవరం నుంచి అత్త కమలాక్షి ఫోను. "ఏమప్పా, పండుకున్నావా?"

"పండుకోలేదత్తా. పండిపోయినా."

కాసేపటికి మళ్లీ అత్తే. మళ్లీ అదే ప్రశ్న.

లక్ష్మీకాంత్ లేచాడు. జుట్టు పీక్కున్నాడు. పళ్లు పటపటా కొరికాడు. "ఇది కాపురమా? కాయాపురమా? తిండీ కాయే, మంచమూ కాయే, నా తలకాయ ఒకటే మిగిలింది, దానిక్కూడా రంగు పుయ్యి!"

"ఆ మాటే ఇంకోసారి అనండి. అట్లే నిలబడి."

"ఎందుకు?"

"నాకు అర్థం కావాల కదా."

ఇంకోసారి అన్నాడు. ఇంకా బాగా అన్నాడు. సుచిత్ర తన పని చేసుకుంటూ పోయింది.

సాయంత్రం తిరుపాల్ వచ్చాడు. లక్ష్మీకాంత్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. అటక ఖాళీ చేసి మరీ ఉంచాడు.

సుచిత్ర కాయ మీది గుడ్డ తీసింది. తిరుపాల్ వెనక్కి జరిగి గడప తగిలి పడబోయాడు.

"అబ్బ! ఏం కండ్లమ్మా అవి! ఆ పండ్లు కొరికేది చూడు! నా గుండె యాడ పడిందో నాకే తెలీదు!" కాయను చప్పున గుడ్డలో చుట్టేశాడు. "కొత్త అపార్ట్‌మెంటుకు ఇంకో నాలుగు కావాల. నాలుగూ నాలుగు తీర్ల కోపాలుండాల. ఇంక ప్లాస్టిక్ ఊసే లేదు."

లక్ష్మీకాంత్ ఓడిపోయాడు. కానీ భార్య ముఖంలో వెలుగు చూశాక అతని కోపం ఆవిరైపోయింది. పోనీలే, మంచం పోయినా మంచి జరిగింది అనుకున్నాడు. పగలంతా లేని నవ్వు ముఖం నిండా నవ్వాడు.

ఆ నవ్వు చూసిన సుచిత్ర ఉసూరుమని, తిరుపాల్‌ను పక్కకు పిలిచి మెల్లగా అంది: "వారం టైమియ్యన్నా, ఈయన నవ్వేసినాడు, మళ్లా మోటరాపి, మెయిన్ ఆపి, కాఫీలో ఉప్పేసి, అమ్మతో ఫోన్లు చేయించి మొదట్నుంచీ ఆ మొగం తెప్పించాల."